ఫోన్ దించలేని కథ

జముకుల కథ గురించి మాట్లాడేటప్పుడు మా వైపు ఎవరూ ‘మొదలుపెట్టాడు’, ‘ముగించాడు’ అనరు. ఎత్తాడు అంటారు, దించాడు అంటారు. అమ్మవారి కథ నెత్తిమీది బరువు లాంటిది. ఎత్తుకున్నవాడే దించాలి, దారిలో ఇంకొకడి నెత్తికి మార్చడానికి లేదు. చివర మంగళం పాడి, హారతి కళ్ళకద్దుకుని, తలపాగా తీసి దీపం ముందు పెడితే అప్పుడు దిగినట్టు. దిగేదాకా కథకుడు తన ఇంటి గడప తొక్కడు. ఒకసారి గాలివాన వచ్చి కథ సగంలో ఆగిపోతే, మా బావ గుడి అరుగు మీదే తడుస్తూ కూర్చుని, మర్నాడు మిగతా కథ చెప్పి మంగళం పాడాకనే ఇంటికి పోయాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. తడిసిన మైకుసెట్టు నాదే.

బావంటే మా అప్ప మొగుడు; అక్కని మా వైపు అప్ప అంటారు. ఊరు రాజాం పక్కనే. నేను చిన్నప్పటినుంచీ మైకుసెట్టు మీదే బతికాను. బడి నాకు పెద్దగా అచ్చిరాలేదు. పకోడీ పొట్లాల కాగితాలు విప్పి చదవడంతో మొదలై, తర్వాత టీ కొట్టులో పేపరు ముందు పేజీ నుంచి వెనక పేజీ దాకా చదివే అలవాటయింది. వ్యాపారం పేజీ కూడా వదలను. అదే నాకు ఇప్పుడు పట్టుకున్న కోపానికి సగం కారణం.

జముకు చూడనివాళ్ళు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. ఒక పక్క తోలు మూసిన డొల్ల. ఆ తోలులోంచి ఒక తంతి. డొల్లని చంకలో ఇరికించి, తంతిని లాగి పట్టుకుని మీటుతారు. బిగిస్తే ఒక గొంతు, వదులు చేస్తే ఇంకో గొంతు. గొడ్డు రంకె వేసినట్టూ ఉంటుంది, మనిషి మూలిగినట్టూ ఉంటుంది. జముకు వాయించేవాడు ఒకడు, వంత పాడేవాడు ఒకడు, మధ్యలో గజ్జెలు కట్టుకుని మా బావ. ఆ ముగ్గురే మేళం. బావ గొంతుకి మైకు అక్కర్లేదనేవారు మావాళ్ళు. నా ముందే అనేవారు, నా పొట్ట కొట్టడానికి.

ఆ గొంతుని విజయనగరంలో ఒక క్యాసెట్ల వాడు పట్టాడు. గోడలకి బొంతలు వేలాడదీసిన చిన్న గది. ఫ్యాను శబ్దం పడుతుందని ఆపేశారు, మేళం ముగ్గురూ చెమటతో నానిపోయారు. కథ చివరికొచ్చేసరికి టేపు కూడా చివరికొచ్చింది. క్యాసెట్ల వాడు గాజు అవతలి నుంచి చెయ్యి ఊపి, “సాల్లే బావూ, మంగళం ఎవుడింటాడు, టేపు అయిపోతన్నాది” అన్నాడు. మా బావ లేవలేదు. “అయితే నన్నిక్కడే ఉంచీ. ఇంటికి ఎల్లలేను గదా” అన్నాడు. వాడు గొణుక్కుంటూ ఇంకో టేపు ఎక్కించాడు. మంగళం పూర్తిగా పట్టాడు. నేను గాజు ఇవతల కూర్చుని విన్నాను కాబట్టి ఈ మాట ఎవడి ముందైనా చెప్పగలను.

తర్వాత ఆ క్యాసెట్లు బస్సుల్లో మోగాయి, పాన్ షాపుల్లో మోగాయి. క్యాసెట్ల కాలం పోయింది. విజయనగరం వాడు తన దగ్గరున్న గొంతులన్నీ ఒక పెద్ద పాటల కంపెనీకి అమ్మేశాడు. ఆ పాటల కంపెనీని ఒక టీవీ వాళ్ళు కొన్నారు. టీవీ వాళ్ళని ఫోన్ల కంపెనీ కొంది. ఒక్కో అమ్మకానికీ పేపర్లో ఒక వార్త. ప్రతిసారీ ‘విలీనం’ అని రాసేవాడు, దాని కింద వినియోగదారులకు మేలు అని రాసేవాడు. విలీనమంటే నాకు తెలిసింది నాగావళి వెళ్ళి సముద్రంలో కలవడమే. నీళ్ళు నీళ్ళలో కలిస్తే అడిగేవాడెవడు? ఇక్కడ కలిసింది వేరు. దారి ఎవడిదో, ఆ దారిమీద నడిచే మేళం కూడా వాడిదే అయింది. ఇక ఏ ఊరికి మేళం వెళ్ళాలో, ఏ ఊరు చెవులు మూసుకోవాలో వాడే చెబుతాడు. మేళంలోని మనిషిని మాత్రం ఎవడూ ఒక్క మాట అడగలేదు. తన గొంతు ఇన్ని చేతులు మారిందని మా బావకి నేను పేపరు చదివి చెబితేనే తెలిసింది. “నాకాడే ఉన్నాది గదా గొంతు” అని నవ్వాడు అప్పుడు.

గొంతు అతని దగ్గర కూడా ఉండలేదు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, నోరు పోయాయి. చెయ్యి కొంచెం తిరిగొచ్చింది. నోటికి ‘అవును’, ‘కాదు’, మా అప్ప పేరు, ఇంకో నాలుగు మాటలు మిగిలాయి. జముకు వాయించేవాడు అంతకుముందే పోయాడు. వంత పాడేవాడు విశాఖపట్నంలో ఏదో అపార్ట్‌మెంటుకి కాపలా ఉంటున్నాడు, పండగకి సెలవు ఇవ్వరు. ఆ ఏడు అమ్మవారి పండగ కథ లేకుండానే జరిగింది. బావ ఆ రోజు ముద్ద ముట్టలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకో మేళం ఉందా అంటే లేదు. ఉన్నా మా అమ్మవారి కథ మా బావ ఇంటివాళ్ళే ఎత్తాలి. వాళ్ళింట్లో మగపిల్లలు లేరు, ఒక్కతే కూతురు. నా మేనకోడలు, జూట్ మిల్లులో పని చేస్తుంది.

ఆ పిల్లే ఈ ఏడు పండగ ముందు పరిగెత్తుకుంటూ వచ్చింది.

“మావా! పాటల యాప్‌లో అయ్య కథ దొరికీసింది. మొత్తం నా ఫోన్లోకి దించీసినాను!”

బావ అక్కడే కుర్చీలో ఉన్నాడు. ఆ మాట వినగానే ఎడమచేత్తో కుర్చీ మీద టపటపా కొట్టాడు. “కాదు. కాదు” అన్నాడు.

మా అప్ప చేట కింద పెట్టి, “నువ్వెలగ దించీస్తావే? ఎత్తినోడు మీ అయ్య గదేటి” అంది.

“ఆ దించడం కాదే అమ్మా! డౌన్లోడు. పైనుంచి ఫోన్లోకి దించుకోడం.”

“పైనంటే ఏటి, అటకమీద నుంచా?”

“నీకు సెప్పలేను గానీ, సిగ్నల్ నేకపోయినా పాడతాది. మావా, నువ్వు సెప్పు.”

నేను చెప్పాను. చెప్పడం నాకు ఇష్టమే. మా అప్ప విని, “అయితే పండక్కి ఎట్టండి. ఆయన గొంతు ఆయన ముందర పాడతాది” అంది. బావ కుర్చీ మీద కొడుతున్న చెయ్యి ఆపాడు. తర్వాత “అవును” అన్నాడు.

గుడి దగ్గర పెద్దల్ని అడగాలి. పూజారి నాకంటే పెద్దవాడు, చెవి మందం. మేనకోడలు వెళ్ళి ఫోను చూపించింది. ఆయన ఒక్కటే అడిగాడు: “కథ దించుతాదేటే ఇది?”

“దించీసినాను తాతా! మొత్తం దించీసినాను” అంది పిల్ల గట్టిగా, చెవిలో.

“అయితే కానీ” అన్నాడు ఆయన. వాళ్ళిద్దరూ ఒకే మాట అన్నారు, ఒకే సంగతి అనుకోలేదు. నేను అక్కడే ఉన్నాను. ఆ తేడా నా బుర్రకీ తట్టలేదు.

మంగళవారం. పొద్దు వాలడం మొదలవగానే కథ ఎత్తి, దీపాలవేళకి దించడం మా ఊరి పద్ధతి. ఫోనుకి వైరు పెట్టి ఆంప్లిఫయరుకి కలిపాను. వెదురుకి కట్టిన పాత లౌడ్‌స్పీకర్లే. మా అప్ప బావకి అంగరఖా తొడిగి, తలపాగా చుట్టి, కాళ్ళకి గజ్జెలు కట్టింది. కథ దీపం బావే ఎడమచేత్తో వెలిగించాడు. నాలుగైదు పుల్లలు ఆరిపోయాయి, ఎవరూ సాయం పట్టలేదు, పట్టకూడదు. దీపం వెలిగాక పిల్ల ఫోను నొక్కింది.

జముకు మూలిగింది. దాని వెనకే బావ గొంతు. మనిషి నిలువెత్తు లేచి నిలబడ్డట్టుంది. కుర్చీలో బావ తల కొంచెం వాల్చి, పెదాలు కదుపుతున్నాడు. ఆడవాళ్ళలో ఒక ముసలమ్మ, “సూడర్రా, కుర్సీలో ముసిలోడు, ఫోన్లో పెళ్ళికొడుకు!” అంది. మా అప్ప వెంటనే, “అప్పుడూ మొకం ఇలగే ఉండీది. గొంతు సూసే సేసుకున్నాను” అంది. అంతా నవ్వారు. బావ కూడా నవ్వాడు, ఒక పక్క మూతితో. ఆ కాసేపు నాకు ఏ కంపెనీ మీదా కోపం లేదు.

అమ్మవారు ముసలిదాని వేషంలో ఏరు దాటాలి, పడవవాడు ఎక్కించుకోనంటాడు. ఆమె రేవులో నిలబడి ఉంది. అక్కడ ఆగిపోయింది.

“మావా, ఇదేదో అడుగుతన్నాది” అంది పిల్ల. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. ఈ యాప్ ఇప్పుడు ఫలానా యాప్‌లో విలీనమైంది. మీరు దించుకున్నవి ఇక ఇక్కడ తెరుచుకోవు. ఫలానా ఫోన్ కంపెనీ సిమ్ము, అందులో ఫలానా ప్యాకు ఉన్నవాళ్ళు కొత్త యాప్‌లో వినవచ్చు. చివర సంబరంగా ఏదో బొమ్మ. పిల్ల సిమ్ము వేరే కంపెనీది. దించి తన ఫోన్లో పెట్టుకున్నది తనది కాకుండా పోయిందని ఆ పిల్లకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. “నిన్న కూడా పాడింది మావా. నిన్న కూడా” అంటోంది.

నా జీవితంలో అంత నిశ్శబ్దాన్ని ఆ లౌడ్‌స్పీకర్లలోంచి వినలేదు. జనం గుసగుసలాడుతున్నారు. దీపం వెలుగుతోంది. బావ నావైపే చూస్తున్నాడు.

ఆటో నడిపే మా ఊరివాడొకడు ముందుకొచ్చాడు. “నాకాడ ఆ సిమ్మే ఉన్నాది పెదనాన్నా. క్రికెట్టు దాన్లోనే సూస్తాను.” వాడి ఫోన్లో సిగ్నల్ గుడి మెట్టు చివర నిలబడితేనే వస్తుంది. అక్కడికి వైరు లాగాను. వాడు వెతికి, జరిపి జరిపి, పడవ రేవు పట్టుకున్నాడు. కథ మళ్ళీ సాగింది. నది మధ్యలో అమ్మవారు తన రూపం చూపించబోయేసరికి బాత్రూం టైల్స్ ప్రకటన వచ్చింది. మొదటిసారి జనం నవ్వారు. పడవ ఒడ్డు చేరేలోపు ఇంకో రెండు వచ్చాయి, అప్పుడు ఎవరూ నవ్వలేదు. వంగి దణ్ణం పెట్టబోయిన ఆడవాళ్ళు వంగినవాళ్ళు వంగినట్టే ఆగిపోయారు.

అయినా చివరికి వచ్చాం. జముకు జోరు తగ్గింది, మంగళానికి ముందు తగ్గేలాగే. హారతి పళ్ళాలు వెలిగించారు. బావ కుర్చీ పట్టుకుని లేచి నిలబడి, ఎడమచెయ్యి తలపాగా మీద పెట్టుకున్నాడు.

స్పీకర్లలోంచి డబడబమని డప్పులు, ఈలలు, ఎవరో ఆడమనిషి విరగబడి నవ్వడం. ఏదో తమాషా కార్యక్రమం. కర్పూరం ముందు ఆ నవ్వు ఊరంతా మోగింది.

“ఆపెయ్యండి! ఆపెయ్యండి!” అని అరిచారు. ఆటోవాడు వెనక్కి జరిపాడు. జముకు, ఆగడం, మళ్ళీ అదే నవ్వు. “ఇది సినిమా ఆకర్న పేర్లు పడీ సోటు అనుకుంటన్నాది పెదనాన్నా. అక్కడికి రాగానే ఇంకోదాన్లోకి తోసెత్తాది.” పిల్ల ఫోను లాక్కుని, మూల ఎక్కడో ఉన్న మీట పట్టుకుని నొక్కింది. ఈసారి తోయలేదు. కానీ మంగళం రాలేదు. కంపెనీ గుర్తు, కంపెనీ గంట, అంతే. ఎక్కడో ఏ ఊళ్ళోనో కూర్చున్న వాడెవడో, కథ అయిపోయింది కదా ఈ ముక్కెందుకు అని కోసి పారేశాడు. మా బావ బొంతల గదిలో చెమటలు కక్కుతూ, ఇంకో టేపు ఎక్కించేదాకా లేవనని పట్టుబట్టి పాడిన ముక్క.

పూజారి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగాడు: “దిగిందేటి?”

అందరూ బావని చూశారు. బావ నోరు తెరిచాడు. “మం” అన్నాడు. మళ్ళీ “మం”. మెడ నరాలు లేచాయి. మాట లోపలే ఉంది, అందరికీ కనబడుతోంది, బయటికి రావడం లేదు. మా అప్ప పళ్ళెం పట్టుకుని కదలకుండా నిలబడింది, కర్పూరం అయిపోయి ఆరిపోయింది.

“సాల్లెండి, అమ్మకి తెల్దేటి” అన్నారు ఒకరు. “ఎత్తింది ఫోను గదా. ఆ ఫోన్నే ఇంటికి ఎల్లనీకండి” అన్నాడు ఇంకొకడు, వాడి మాటకి కొందరు నవ్వారు. జనం కదిలారు. బావ పూజారి వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. ఎడమచేత్తో తన గొంతు మీద రెండుసార్లు తట్టాడు. గొంతు తనది, దీపం వెలిగించింది తను. తలపాగా తీయలేదు. ఇంటివైపు కాకుండా, గుడి పక్కనున్న నా మైకుసెట్టు షెడ్డులోకి నడిచి, ఖాళీ స్పీకరు పెట్టె మీద కూర్చున్నాడు.

“రా, ఇంటికెల్దుము. బువ్వ సల్లారిపోతాది” అంది మా అప్ప.

“కాదు.”

“నీకు ఒంట్లో బాగుందేటి? ఇక్కడ దోమలు పీకెత్తాయి.”

“కాదు.”

వారం తిరక్కుండా నేను శ్రీకాకుళం వెళ్ళాను, ఆ ఫోన్ల కంపెనీ దుకాణానికి. చల్లటి గాలి, అద్దాలు, నవ్వుతున్న సినిమావాళ్ళ ఫొటోలు. కౌంటరులో పిల్ల మర్యాదస్తురాలు. మంచినీళ్ళు ఇచ్చింది. అంతా విని, “తాతగారూ, మేం నెట్‌వర్కండి. కార్యక్రమాలవాళ్ళు వేరేనండి” అంది.

“ఒక్కటైపోయామని పేపర్లో రాసుకున్నారు గదమ్మా?”

“కంపెనీ ఒక్కటేనండి. కంప్లయింటు వేరేనండి.”

ఆ పిల్లని ఏమనగలను? వాళ్ళ మాటే ఆమె నోట పలుకుతోంది. వసూలుకి ఒక్కటి, జవాబుకి ఇద్దరు. ఆమె ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అన్నారు. మంగళం కోసినందుకు ఏ అంకె నొక్కాలో వాళ్ళ దాంట్లో లేదు. చివరికి ఒక గొంతు, మా సేవ మీకు ఎలా ఉంది, నక్షత్రాలు ఇవ్వండి అంది. బస్టాండులో నిలబడి నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

క్యాసెట్లు ఏమయ్యాయని మీరు అడుగుతారు. బావవి, నావి తుఫానుకి నా షెడ్డులోనే నానిపోయాయి. బొబ్బిలిలో ఒకాయన దగ్గర పూర్తి వరస ఉండేదని గుర్తుండి అక్కడికీ వెళ్ళాను. ఆయన వీణలకి మెట్లు బిగించే పనిలో ఉన్నాడు, చేతులకి మైనం. నన్ను చూసి ముందు సంతోషించి, తర్వాత తల దించుకున్నాడు.

“అందరూ ఇంటారు గదాని ఇంటర్‌నెట్లో ఎట్టినాను బావూ. అక్కడ ఉన్నాది గదాని టేపులు పారేసినాను. బూజట్టీసినాయి. తర్వాత కంపెనీ వోలు తీయించేసినారు. ఈ గొంతు మాదని కాగితం పంపినారు.”

“వాళ్ళదా?”

“అలగే రాసినారు మరి. మల్లీ ఎడితే కేసట.”

బొబ్బిలి నుంచి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా గోడలమీద ఆ కంపెనీ రంగు చూస్తూ వచ్చాను. ఊరికో గోడ వాడిదే. మా బావ నోట్లోంచి మాట రోగం తీసుకుంది. దానికి నేనెవర్నీ అనను. మిగిలిన మాట వీళ్ళు తీసుకున్నారు. రోగానికి దాన్ని తనదని చెప్పుకునే సిగ్గులేనితనం లేదు.

షెడ్డుకి వచ్చేసరికి మా అప్ప పొయ్యి తెచ్చుకుని పెట్టేసింది. గిన్నెలు, చాప, దేవుడి పటం. ఇంటికి తాళం. “గడప తొక్కనంటే తొక్కడు. నేనే గడప దాటొచ్చీసినాను” అంది. నా ఆంప్లిఫయర్లు ఒక మూలకి జరిపి, షెడ్డు ముందు పేడతో అలికి ముగ్గు కూడా వేసింది. పూజారి వచ్చి గుడిలో కథ దీపంలో రోజూ నూనె పోస్తున్నానని చెప్పి, కూర్చోకుండానే వెళ్ళిపోయాడు. మేనకోడలు మిల్లు నుంచి నేరుగా ఇక్కడికే వస్తుంది, ఏడుస్తుంది, “దించీసినాను అన్నానే, అననేకపోయినా బాగుండు” అంటుంది. బావ ఎడమచేత్తో దాని తల నిమురుతాడు.

వానలు మొదలయ్యాయి. షెడ్డు రేకులు కారుతున్నాయి. బావకి దగ్గు పట్టింది. రాజాం డాక్టరు ఈ చెమ్మలో ఉంచవద్దని గట్టిగా చెప్పాడు. నేను బతిమాలాను, తిట్టాను. “అమ్మవారేమైనా నీ మీద కేసు పెడతాదేటి బావా?” అన్నాను. నవ్వాడు. కదల్లేదు.

రోజూ దీపాలవేళకి బావ లేచి నిలబడతాడు. నన్ను మైకు పట్టుకోమంటాడు. మైకుకి కరెంటు ఇవ్వను, ఊరికే పట్టుకుంటాను. మంగళంలో మొదటి మాట ఇప్పుడు పూర్తిగా వస్తోంది. రెండోది నాలుకమీద దొర్లి దొర్లి ఎలాగో వస్తోంది. తర్వాతి మాట దగ్గర ఆగిపోతాడు. ఆ మాట నాకు తెలుసు. ఇన్నేళ్ళు మైకు వెనక కూర్చుని విన్నవాణ్ణి, మంగళం మొత్తం నాకు నోటికి వచ్చు. మా అప్పకీ వచ్చు. అతని నోటికి అందిద్దామన్నా కుదరదు, ఎత్తినవాడే దించాలి. బావ నా పెదాల వైపు చూస్తాడు. నేను పళ్ళు బిగించుకుని, మైకు అతని నోటికి ఇంకొంచెం దగ్గరగా జరుపుతాను.